ప్లీడరు గుమాస్తా లెక్క: ఏ గొడవకు లాయరు కావాలి, దేనికి అక్కర్లేదు

ఒక ప్లీడరు గారి ఆఫీసులో ఇరవై రెండేళ్లు గుమాస్తాగా చేశాను. వచ్చిన పార్టీ ముందు నా బల్ల దగ్గరే ఆగేవాడు. వాళ్లు కథ మొదలుపెట్టకముందే నేను కాగితం మీద వెతికేది తేదీ.

ఒకసారి పక్క ఊరి రైతు ఒకాయన ప్రామిసరీ నోటు పట్టుకొచ్చాడు. నాలుగు లక్షలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. రెవెన్యూ స్టాంపు ఉంది, దాని మీద సంతకం ఉంది, ఇద్దరు సాక్షులు ఉన్నారు. రాసి మాత్రం మూడేళ్ల పదకొండు రోజులైంది. "వడ్డీ ఇస్తూనే ఉన్నాడండీ, మొన్న దసరాకి కూడా ఇచ్చాడు" అన్నాడు. నోటు తిప్పి చూశాను. వెనక తెల్లగా ఉంది, ఒక్క చెల్లు కూడా లేదు. మా ప్లీడరు గారు ఆయన్ని కూర్చోబెట్టి, మజ్జిగ తెప్పించి, అప్పుడు చెప్పారు, మూడేళ్ల గడువు దాటి నోటు చచ్చిపోయిందని.

ఆయనకు కావలసింది లాయరు కాదు. దసరా రోజున వడ్డీ తీసుకున్నప్పుడే నోటు వెనక "వడ్డీ కింద ఇంత చెల్లించాను" అని బాకీదారు చేత రాయించి, తేదీ వేసి సంతకం పెట్టించుకుని ఉంటే అక్కణ్నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క మొదలయ్యేది. పావలా ఖర్చు లేని పని. దీనికి ఎదురు సంగతులు కూడా చూశాను. వెయ్యి రూపాయల కూలర్ గొడవకు లాయరుకి నాలుగు వేలిచ్చినవాళ్లూ ఉన్నారు, నలభై లక్షల స్థలాన్ని దస్తావేజు లేఖరి మాట మీద కొన్నవాళ్లూ ఉన్నారు. ఎక్కడ ఖర్చుపెట్టాలో అక్కడ పెట్టరు, అక్కర్లేని చోట పెడతారు. ఈ రాత ఆ లెక్క సరిచేయడానికే.

అప్పు వసూలు: నోటా, చెక్కా, ఉత్త ఫోన్ ట్రాన్స్‌ఫరా

చేతిలో ఏముందన్నదాన్ని బట్టే దారి. నోటు ఉంటే సివిల్ దావా. అడగ్గానే ఇస్తానని రాసిన నోటుకు రాసిన తేదీ నుంచి మూడేళ్లు గడువు. చివరి రోజు కోర్టుకు సెలవైతే తెరిచిన రోజున వేయొచ్చు గానీ, అంతదాకా లాగేవాడు తెలివైనవాడు కాదు. నోటుకు స్టాంపు అంటించకపోతే మిగతా కాగితాల్లాగా తర్వాత జరిమానా కట్టి సరిచేసుకునే వీలు కూడా లేదు, సాక్ష్యంగా తీసుకోరు. గడువు దాటిన బాకీని ఇస్తానని బాకీదారు తనంతట తాను కొత్తగా రాసి సంతకం పెడితే మాత్రం అది చెల్లుతుంది. పైన చెప్పిన రైతుకు మిగిలిన ఒకే ఒక్క దారి అదే. అవతలివాడు పెట్టలేదనుకోండి.

చెక్కు ఉంటే దారి వేరు, వేగం వేరు, భయం వేరు. చెక్కు తేదీ నుంచి మూడు నెలల్లోపు బ్యాంకులో వేయాలి. డబ్బు లేక తిరిగొస్తే, ఆ సంగతి బ్యాంకు తెలిపిన 30 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు పంపాలి. నోటీసు అందిన 15 రోజుల్లో అతను కట్టకపోతే, ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఇది క్రిమినల్ పద్ధతిలో నడిచే కేసు. రెండేళ్ల దాకా జైలో, చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానానో, రెండూనో పడొచ్చు. అందుకే నోటు దావాకి కదలని మనిషి చెక్కు కేసుకి కదులుతాడు. కానీ ఆ 30 రోజుల నోటీసు తప్పిపోయి, చెక్కుకున్న మూడు నెలలూ దాటిపోయాయా, ఆ చెక్కుతో ఈ తలుపు మూసుకున్నట్టే. మిగిలేది మామూలు డబ్బు దావా.

నా సలహా: నోటుకు గడువు ఏడాదికి పైగా ఉంటే ముందు మీరే మాట్లాడండి, చెల్లు వేయించండి, లేదా నోటు తిరగరాయించండి. ఆరు నెలలే ఉంటే లాయరు దగ్గరికి వెళ్లండి. చెక్కు బౌన్స్ అయిందంటే మాత్రం ఆ వారంలోనే వెళ్లండి. నోటీసులో మొత్తం తప్పు రాసినా, చిరునామా తప్పు రాసినా అవతలి లాయరు దాన్నే పట్టుకుంటాడు.

నోటూ లేదు, చెక్కూ లేదు, స్నేహితుడికి ఫోన్‌లో పంపారు, వాట్సాప్‌లో "వచ్చే నెల ఇస్తా" అన్న మెసేజ్‌లున్నాయి. దావా వేయొచ్చు, గడువు ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లే. కానీ అది చేబదులా, సాయమా, పాత బాకీ తీర్చడమా అని వాదన లాగుతారు. ఇంకా మాటలు బాగున్నప్పుడే ఒక నోటు రాయించుకోవడం వంద మెసేజ్‌ల పెట్టు.

ఇంకొక్క మాట. డిక్రీ, అంటే కోర్టు తీర్పు కాగితం, రావడం ఒక ఎత్తు, దాన్ని అమలు చేయించే ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) మరో ఎత్తు. డిక్రీని అమలు చేయించుకోవడానికి 12 ఏళ్లు గడువుంది, సరే. అవతలివాడి పేరు మీద ఏమీ లేకపోతే దేన్ని జప్తు చేస్తారు? దావా వేసే ముందు లాయరుని అడగాల్సిన మొదటి ప్రశ్న "గెలుస్తామా" కాదు, "గెలిస్తే దేంట్లోంచి వస్తుంది" అని.

వస్తువు, బిల్లు, ఇన్సూరెన్స్: ఇక్కడ మీరే లాయరు

ఫ్రిజ్ పాడైంది, ఆన్‌లైన్‌లో కొన్నది వేరేది వచ్చింది, ఇన్సూరెన్స్ క్లెయిమ్ కొట్టేశారు. వీటికి వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు చెల్లించిన ధర 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషన్ చాలు. ధర 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. 2019 నాటి వినియోగదారుల చట్టం 2020 జూలైలో అమల్లోకి వచ్చాక ఇంకో సుఖం దొరికింది. కంపెనీ ఆఫీసు ముంబైలో ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. గడువు రెండేళ్లు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చుని దాఖలు చేయొచ్చు. అంతకుముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చూడండి. పెద్ద కంపెనీలు చాలాసార్లు అక్కడే దిగొస్తాయి.

కరెంటు, నీళ్లు, ఫోన్, పోస్టు, బస్సు, ఆసుపత్రి, ఇన్సూరెన్స్ లాంటి సేవల గొడవైతే ఇంకో గడప కూడా ఉంది. శాశ్వత లోక్ అదాలత్. దీని పేరు తెలిసినవాళ్లే తక్కువ. కోటి రూపాయల వరకు వింటుంది. మామూలు లోక్ అదాలత్‌లో ఇద్దరూ ఒప్పుకుంటేనే రాజీ, లేకపోతే ఎవరిదారి వారిది. ఇక్కడ అలా కాదు. రాజీ కుదరకపోతే అదే తీర్పు చెప్పేస్తుంది.

మరి రెండింట్లో ఏది? వినియోగదారుల కమిషన్‌లో ఓడితే పైన రాష్ట్ర కమిషన్‌కి అప్పీలు ఉంది. శాశ్వత లోక్ అదాలత్ తీర్పు మీద అప్పీలు లేదు, హైకోర్టులో రిట్ తప్ప. కాబట్టి సంగతి తేటగా ఉండి, మొత్తం మరీ పెద్దది కాకపోతే నేను శాశ్వత లోక్ అదాలత్ వైపే మొగ్గుతాను. త్వరగా తేలుతుంది. ఆపరేషన్‌లో నిర్లక్ష్యం లాంటిదైతే వైద్య నిపుణుల అభిప్రాయం కావాలి, వాదన కావాలి. అప్పుడు కమిషన్‌కే వెళ్లండి, లాయరుతో వెళ్లండి. ముందే కోర్టులో కేసు వేసి ఆ తర్వాత శాశ్వత లోక్ అదాలత్‌కి పోతానంటే కుదరదు, ఇది గుర్తుంచుకోవాలి.

బిల్డర్ ఫ్లాట్ ఇవ్వకుండా లాగుతుంటే రెరా, అంటే బిల్డర్ల మీద ఫిర్యాదులు వినే సంస్థ, ఉంది, వినియోగదారుల కమిషనూ ఉంది. ఒకటి ఉందని రెండోది పోదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. డబ్బు వడ్డీతో వెనక్కి కావాలంటే రెరా సూటిగా ఉంటుంది. అన్నట్టు, అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి బిల్డర్ తీసుకోకూడదు. ప్రీ లాంచ్ ఆఫర్ అంటూ మొత్తం ముందే కట్టమంటే లాయరు కూడా అక్కర్లేదు, లేచి వచ్చేయడమే.

స్థలం కొనేటప్పుడు: దస్తావేజు లేఖరి వేరు, లాయరు వేరు

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు కూర్చునే దస్తావేజు లేఖరి మంచివాడు, పనిమంతుడు. హద్దులు, విస్తీర్ణం, స్టాంపు డ్యూటీ లెక్క అతనికి వచ్చినంతగా చాలామంది లాయర్లకు రాదు. కానీ అతని పని మీరు చెప్పింది రాయడం. అమ్మేవాడికి అసలు అమ్మే హక్కు ఉందా అని చూడటం అతని పని కాదు. సబ్ రిజిస్ట్రార్ పని కూడా ప్రధానంగా అది కాదు. రిజిస్ట్రేషన్ అయిందంటే సర్కారు గ్యారంటీ ఇచ్చినట్టని జనం అనుకుంటారు.

ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీశాం కదా అంటారు. ఈసీలో కనపడేవి రిజిస్టరైన లావాదేవీలే. రిజిస్టర్ చేయని వీలునామా అందులో ఉండదు. అమ్మేవాడి చెల్లెలికి ఆ ఆస్తిలో వాటా ఉందన్నది ఉండదు. పాసుపుస్తకం ఉంది కదా, అడంగల్‌లో పేరుంది కదా అంటారు. రెవెన్యూ రికార్డులో పేరెక్కినంత మాత్రాన హక్కు పుట్టదని కోర్టులు చెబుతూనే ఉన్నాయి. బ్యాంకు లోన్ ఇచ్చింది కాబట్టి టైటిల్ క్లియరే అన్నది ఇంకో నమ్మకం. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు కోసం. అది మీకు రాసిచ్చిన అభిప్రాయం కాదు.

లాయరు దగ్గర లీగల్ ఒపీనియన్ తీసుకుంటే ఆయన లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ స్థలం పాత దస్తావేజులు, వరసగా ముప్పై ఏళ్ల వెనక్కి చదువుతాడు. ఎక్కడ గొలుసు తెగిందో చూస్తాడు. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద చేతులు మారిన ఆస్తయితే ఆగుతాడు. జీపీఏ ఇచ్చినంత మాత్రాన అమ్మకం అయినట్టు కాదని సుప్రీంకోర్టు 2011లో తేల్చింది. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమా అని చూస్తాడు. 1977 చట్టం కింద ఆ భూముల అమ్మకం మీద నిషేధం ఉంది, తర్వాత వచ్చిన సడలింపులు ఆ భూమికి వర్తిస్తాయో లేదో విడిగా చూడాల్సిందే. నిషేధిత జాబితాలో, అదే అందరూ 22ఏ అనే దాంట్లో, ఆ సర్వే నంబరు ఉందేమో చూస్తాడు. ఏజెన్సీ ప్రాంతమైతే 1/70 చట్టం అడ్డొస్తుంది. అక్కడ గిరిజనేతరుడికి బదిలీ చెల్లదు, ఎంత సంతోషంగా రాసిచ్చినా సరే.

ఇక ఆడపిల్లల సంతకాలు. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ 5 నుంచే ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు వాటా ఇచ్చింది, అప్పటికి పెళ్లి కానివాళ్లకి. దేశమంతటికీ, పెళ్లయినా కాకపోయినా, 2005 సెప్టెంబర్ 9 నుంచి వచ్చింది. తండ్రి ఆ తేదీకి బతికి ఉండాలా అన్న గొడవ చాలా ఏళ్లు నడిచి, అక్కర్లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే సక్రమంగా పంపకాలైపోయిన ఆస్తిని మాత్రం ఇది తిరగదోడదు. కాబట్టి ముగ్గురు అన్నదమ్ములు నవ్వుతూ సంతకాలు పెడుతుంటే, వీళ్లకి అక్కచెల్లెళ్లు ఎంతమంది అని అడగండి. "వాళ్లకి కట్నం ఇచ్చేశాం" అన్నది కోర్టులో జవాబు కాదు.

ఒపీనియన్ ఫీజు స్థలం ధరలో ఏ మూలకూ రాదు. నా వరకు ఇది బేరం ఆడే విషయమే కాదు. లేఖరి చేత రాయించుకోండి, లాయరు చేత చదివించుకోండి. అది కూడా బయానా ఇచ్చే ముందు, రిజిస్ట్రేషన్ ముందు రోజు కాదు. అగ్రిమెంటు రాసుకున్నాక అమ్మేవాడు జాప్యం చేస్తే, ఒప్పందంలో రాసుకున్న తేదీ నుంచి మూడేళ్లు గడువు ఉంది కదా అని కూర్చోకండి. మిగతా డబ్బుతో మీరు సిద్ధంగా ఉన్నారని చూపించాలి. మొదటి వాయిదా తప్పగానే నోటీసు వెళ్లాలి.

ఇల్లు పిల్లలకు: వీలునామా, దాన సెటిల్‌మెంట్, పారిఖత్తు

నేను చూసిన వాటిలో ఎక్కువ కన్నీళ్లు ఈ ఫైళ్లలోనే ఉన్నాయి. అప్పు పోతే డబ్బే పోతుంది. ఇక్కడ ఇల్లుతోపాటు అన్నం కూడా పోతుంది.

వీలునామా చౌక. తెల్లకాగితం మీద రాయొచ్చు, స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షులు ఉండాలి. మీరు బతికున్నంత కాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, ఆస్తి మీదే. దాని బలహీనత మీరు పోయాకే తెలుస్తుంది. సంతకం ఫోర్జరీ అనో, ముసలాయనకు మతి లేదనో రెండో కొడుకు అంటే, సాక్షుల్లో ఒకరైనా వచ్చి కోర్టులో చెప్పాలి. అందుకే సాక్షులుగా మీ ఈడు స్నేహితుల్ని పెట్టకండి. మీకంటే ఇరవై ఏళ్లు చిన్నవాళ్లని, ఆస్తిలో వాటా లేనివాళ్లని పెట్టండి. కుదిరితే మీకు మందులు రాసే డాక్టరుని పెట్టండి. రిజిస్టర్ చేయించండి, మంచంలో ఉంటే సబ్ రిజిస్ట్రార్‌ని ఇంటికి పిలిపించుకోవడానికి వీలుంది.

దాన సెటిల్‌మెంట్‌కి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఇద్దరు సాక్షులు తప్పనిసరి, మీ జీవితకాలంలోనే తీసుకునేవాళ్లు స్వీకరించాలి. మీరు పోయాక తగాదాకి చోటు తక్కువ. కానీ ఒకసారి రాశాక మామూలుగా వెనక్కి తీసుకోలేరు. కొడుకు మంచివాడే, కోడలూ మంచిదే. నేను కాదనడం లేదు. అయినా రాసే కాగితంలో రెండు మాటలు తప్పకుండా పెట్టించండి. ఒకటి, బతికున్నంత కాలం ఆ ఇంట్లో ఉండే హక్కు, అద్దె తీసుకునే హక్కు మీదేనని. అలా జీవితకాల హక్కు ఉంచుకుని దానం రాసినా చెల్లుతుందని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వెళ్లింది మన ఉమ్మడి హైకోర్టు నుంచే. రెండోది, మిమ్మల్ని చూసుకోవాలన్న షరతు. 2007 నాటి వయోవృద్ధుల చట్టం కింద, చూసుకుంటారన్న షరతుతో రాసిచ్చి, వాళ్లు చూడకపోతే, ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయగలదు. షరతు ఉండి తీరాలని 2022లో సుప్రీంకోర్టు అంది. 2025 జనవరిలో ఈ చట్టాన్ని వృద్ధుల వైపు నుంచి ఉదారంగా చదవాలని కూడా అంది. ఆ ఉదారత మీద ఆధారపడేకంటే ఒక వాక్యం రాయించుకోవడం మేలు. లేఖరి పాత ఫార్మాట్‌లో "ప్రేమాభిమానముల చేత" అని రాసి వదిలేస్తాడు. ఆ వాక్యం కోసమే లాయరు కావాలి.

ఆ ట్రిబ్యునల్‌కి దరఖాస్తు మాత్రం మీరే ఇచ్చుకోవచ్చు. లాయరు లేకుండా నడవాలనే ఆ చట్టాన్ని తెచ్చారు.

పారిఖత్తు, అంటే భాగపరిష్కారం, ఉమ్మడి ఆస్తికి. తండ్రి ఒక్కడే "నా ఇష్టం" అని రాసేది కాదు. వాటాదారులందరూ సంతకాలు పెట్టాలి. ఒక్కరు తప్పిపోయినా తర్వాత కాగితం మొత్తం కదులుతుంది. ఆస్తి ఉమ్మడిదా స్వార్జితమా అన్నది తేల్చడం అంత తేలిక కాదు. తాత ఆస్తిని అమ్మితే వచ్చిన డబ్బుతో తండ్రి కొన్న స్థలం ఏమవుతుంది? ఇలాంటివి ప్లీడర్లే గంటలు వాదించుకుంటారు. ఇక్కడ లాయరు లేకుండా ముందుకెళ్లకండి.

మూడింట్లో నాదొక మొగ్గు ఉంది. సొంతంగా సంపాదించిన ఒక్క ఇల్లే ఉండి, అందులోనే ఉంటున్నవాళ్లు రిజిస్టర్డ్ వీలునామాతో ఆగిపోవడం మంచిది. పిల్లల మధ్య ఇప్పటికే మాటలు లేకపోతే జీవితకాల హక్కుతో సెటిల్‌మెంట్. ఇవన్నీ హిందూ వారసత్వం వర్తించేవాళ్ల మాటలు. ముస్లిం అయితే వారసుల ఒప్పుదల లేకుండా వీలునామాతో మూడో వంతుకు మించి ఇవ్వలేరు. దానం మాత్రం నోటిమాటగా ఇచ్చి, స్వీకరించి, స్వాధీనం చేస్తే చెల్లుతుంది. క్రైస్తవులకు లెక్క ఇంకోలా ఉంటుంది.

మనిషి పోయాక ఏ కాగితం

వీలునామా లేకుండా తండ్రి పోతే స్వార్జితంలో భార్యకి, కొడుకులకి, కూతుళ్లకి సమాన వాటా. ఒకర్ని అందరూ మరిచిపోతారు. ఆయన తల్లి బతికి ఉంటే ఆవిడకీ అంతే వాటా ఉంటుంది. నాయనమ్మ సంతకం లేని అమ్మకాలు ఎన్నో వచ్చేవి మా దగ్గరికి.

బ్యాంకులో నామినీ పేరుంటే డబ్బు నామినీ చేతికొస్తుంది. చేతికి రావడం వేరు, సొంతం కావడం వేరు. నామినీ ధర్మకర్త లాంటివాడు, వారసులు అడిగితే పంచాల్సిందే. నామినీ ఉంటే లాయరు అక్కర్లేదు. నామినీ లేదు, మొత్తం చిన్నదైతే మీసేవలో దరఖాస్తు చేస్తే తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, వారసులందరి సంతకాలు సరిపోవచ్చు. బ్యాంకు మేనేజర్ని ముందే అడగండి. పెద్ద డిపాజిట్లు, షేర్లు, ఎవరైనా అడ్డం తిరగడం ఉంటే సివిల్ కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ కావాలి, దానికి లాయరు కావాలి. ఆ సర్టిఫికెట్ డబ్బుకి, షేర్లకే, భూమికి పనికిరాదు. భూమిలో వాటా తేలకపోతే పంపకాల దావానే.

సమన్లు వస్తే, రాబోతున్నాయని తెలిస్తే

కోర్టు అమీనా వచ్చి సమన్లిస్తే "తీసుకోకపోతే ఏమీ కాదు" అని చెప్పే పెద్దమనిషి ప్రతి వీధిలోనూ ఒకడుంటాడు. ఆయన మాట విన్నవాళ్ల మీద ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే వాళ్లు లేకుండానే ఇచ్చే తీర్పు, వస్తుంది. జవాబు దాఖలుకి 30 రోజులు, కోర్టు ఒప్పుకుంటే 90 దాకా. ఎక్స్‌పార్టీ అయిపోతే దాన్ని పక్కన పెట్టించుకోవడానికి 30 రోజులు. ఇక్కడ పోలిక ఏమీ లేదు, లాయరే, అదీ ఆ వారంలోనే.

పక్కవాడు గోడ విషయంలో మీ మీద ఇంజంక్షన్, అంటే కోర్టు ఆపుదల ఉత్తర్వు, తెస్తాడని అనుమానం ఉంటే కేవియట్, అంటే ముందు నా మాట వినమనే కాగితం, కోర్టులో వేయించండి. 90 రోజుల పాటు మీకు చెప్పకుండా ఆర్డర్ రాదు. నేను చూసినంతలో ఖర్చుకి తగిన ఫలం ఇంతగా ఇచ్చే కాగితం ఇంకోటి లేదు.

లాయరు నోటీసొస్తే టెన్షన్ అక్కర్లేదు, అది కోర్టు కాగితం కాదు. కానీ జవాబివ్వకుండా వదిలితే "ఆ రోజే ఎందుకు కాదనలేదు" అని రేపు అడుగుతారు. మీరే నోటీసు పంపాలన్నా చిన్న గొడవలకు మీరే రాసి పంపొచ్చు. అద్దె అడ్వాన్సు తిరిగివ్వని ఇంటి ఓనరుకి తేదీలు, మొత్తం, ఇంకెన్ని రోజుల్లో ఇవ్వాలో రాసి పంపితే సగం మంది ఇచ్చేస్తారు. రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబర్ 1 నుంచి స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి స్పీడ్ పోస్టులోనే రిజిస్ట్రేషన్, డెలివరీ రుజువు అడిగి పంపండి. రసీదు దాచండి.

స్టేషన్ పంచాయితీ, పెద్దమనుషులు

నిజం చెప్పుకోవాలి, మన ఊళ్లలో కోర్టుకంటే ముందు వెళ్లేది ఈ రెండు చోట్లకే. కొట్టారు, బెదిరించారు, ఫోర్జరీ చేశారు అంటే పోలీసులే. హద్దు ఎక్కడన్నది, వాటా ఎంతన్నది తేల్చే అధికారం వాళ్లకు లేదు. స్టేషన్‌లో భయంతో పెట్టిన సంతకం రేపు కోర్టులో ఇద్దరికీ తలనొప్పే. పెద్దమనుషుల మాట మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. అన్నదమ్ముల మధ్య గట్టు తగాదాని ఒక్క సాయంత్రంలో తేల్చిన పెద్దల్ని చూశాను. వాళ్లు తేల్చింది స్థలం గురించైతే దాన్ని పద్ధతిగా దస్తావేజు రాయించి రిజిస్టర్ చేయించండి. లేకపోతే ఆ పెద్దలు పోయాక ఆ మాటా పోతుంది.

ఇంతకంటే గట్టి రాజీ కావాలంటే మండల న్యాయసేవాధికార కమిటీకి దరఖాస్తు ఇచ్చి, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ రాయించుకోవచ్చు. ఫీజు లేదు. అక్కడ రాసిన అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఇప్పటికే నడుస్తున్న కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కి వస్తుంది. అప్పీలు లేదన్నది రెండు వైపులా పదునే. అర్థం కాకుండా సంతకం పెట్టకండి.

ఉచిత లాయరా, డబ్బిచ్చే లాయరా

ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు కూడా అంతే. మిగతావాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా చెబుతారు. ఉచితం కాబట్టి పట్టించుకోరన్న అపవాదు ఉంది. కొందరు పట్టించుకోరు, ఫీజు తీసుకునేవాళ్లలోనూ కొందరు పట్టించుకోరు. మనోవర్తి, వృద్ధుల పోషణ, సాదా బాకీ దావాలకు నేను నిస్సంకోచంగా అక్కడికే పంపుతాను. నాలుగు తరాల భూమి పంపకాలైతే, వయసులో పెద్ద సివిల్ లాయరుని, అదే తాలూకా రికార్డులు ఎరిగినవాణ్ని వెతుక్కోండి. క్రిమినల్ కేసుల్లో పేరున్నవాడు సివిల్‌కి పనికొస్తాడని లేదు.

ఫీజు విడతలుగా ఎంతో, కోర్టు ఫీజు ఎంతో, స్థలం చూసి రమ్మని కోర్టు పంపే కమిషనర్ ఖర్చులు ఎవరివో మొదటి రోజే రాయించుకోండి. "గెలిస్తే ఆస్తిలో ఇంత శాతం" అనే బేరం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. ఫీజు బాకీ ఉందని కేసు కట్ట ఆపుకునే హక్కు లాయరుకి లేదని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. లాయరు మీద వినియోగదారుల కమిషన్‌కి వెళ్లలేరని 2024 మేలో అదే కోర్టు చెప్పింది. ఫిర్యాదుంటే బార్ కౌన్సిల్‌కే. వాయిదా ఎప్పుడో, నిన్న ఏం జరిగిందో ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసుకిచ్చే సీఎన్ఆర్ నంబరు కొట్టి మీరే చూసుకోవచ్చు. మా రోజుల్లో దాని కోసం పార్టీలు బస్సెక్కి వచ్చి నా బల్ల ముందు నిలబడేవాళ్లు.

మొదటిసారి వెళ్లేటప్పుడు ఒక తెల్లకాగితం మీద తేదీల వరుస రాసుకెళ్లండి, ఎప్పుడు ఏం జరిగిందో, కోపం కలపకుండా. కాగితాలన్నీ జిరాక్సులు ఇవ్వండి, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోండి. కోర్టులో వేయాల్సి వచ్చి ఇస్తే, ఏది ఎప్పుడిచ్చారో ఒక చీటీ మీద గుమాస్తా చేత సంతకం పెట్టించుకోండి. అడిగితే పెడతాం, ఏమీ అనుకోం.